కాటన్, సర్ ఆర్థర్: సైనిక జీవితం, క్రైస్తవ విశ్వాసం

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 – 1899 జూలై 24) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఇంజనీర్ల దళపు అధికారి. మొదటి బర్మా యుద్ధంలో పోరాడాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. జీవితాంతం బైబిలును నమ్ముకొని బతికిన ఆంగ్లికన్ క్రైస్తవుడు. గోదావరి జిల్లాల్లో ఆయనను 'కాటన్ దొర' అనీ, 'అపర భగీరథుడు' అనీ పిలుస్తారు. తెలుగులో ఆయన గురించి వచ్చిన రచనల్లో ఆనకట్ట కథ విస్తారంగా కనిపిస్తుంది, విశ్వాసం సంగతి రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది. కాటన్ మట్టుకు ఈ రెంటినీ వేరుగా చూడలేదు. అందువల్ల ఈ వ్యాసం సైనికుడిగా, విశ్వాసిగా ఆయన జీవితాన్ని కలిపి పరిశీలిస్తుంది. ఆయన వద్ద పనిచేసి, తరవాత తూర్పు కనుమల కోయ గూడేలకు సువార్త పనిని తీసుకువెళ్లిన మరో సైనిక ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ వివరాలూ ఇందులోనే ఉన్నాయి.

పేరు, పరిధి

సైన్యంలో పనిచేసి విరమించినవారిని నేడు మాజీ సైనికులంటున్నాం. కంపెనీ కాలంలో ఈ మాటకు అందే మనుషులు ఇంకా రకరకాలుగా ఉండేవారు. మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరిన అధికారి యుద్ధం వచ్చినప్పుడు కోటల మీదికి నిచ్చెనలు వేయించేవాడు. యుద్ధం లేనప్పుడు చెరువులు, కాలువలు, రోడ్లు, రేవులు చూసేవాడు. ప్రజాపనులకు ప్రత్యేక శాఖ స్థిరపడేదాకా ఈ పనులన్నీ సైనికాధికారుల చేతిమీదుగానే సాగాయి. ఆ దళానికి పునాది 1780లో పడింది. నేడు బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలే. కాటన్‌ను 'ఇంజనీరు' అని మాత్రమే చెప్పుకోవడం వల్ల ఆయన 1819 నుంచి సైనిక కొలువులో ఉన్నాడనీ, చివరికి జనరల్ హోదాతో విరమించాడనీ చాలామందికి గుర్తుండదు.

కుటుంబం, శిక్షణ

హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండు మంది కొడుకులు. వారిలో పదోవాడు ఆర్థర్. అన్నదమ్ముల్లో సిడ్నీ కాటన్ సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. రిచర్డ్ లించ్ కాటన్ ఆక్స్‌ఫర్డ్‌లో వూస్టర్ కళాశాలకు అధిపతి అయ్యాడు. ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా మద్రాసు రాజధానిలో ఇంజనీరుగానే పనిచేశాడు. సైన్యం, చర్చి, చదువు మూడూ ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం అది.

పదిహేనేళ్ల వయసులో, 1818లో, ఆర్థర్ ఆడిస్కూంబ్‌లోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. మరుసటి సంవత్సరమే మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా నియామకం దొరికింది. కొంతకాలం వేల్స్‌లో సర్వే పని నేర్చుకొని 1821లో మద్రాసు చేరాడు. దక్షిణ జిల్లాల్లో చెరువుల పని, పాంబన్ జలమార్గం సర్వే ఆయన తొలి బాధ్యతలు.

బర్మా యుద్ధం

1824–26 నడుమ జరిగిన మొదటి బర్మా యుద్ధానికి మద్రాసు సైన్యం నుంచి పెద్దసంఖ్యలో పటాలాలు వెళ్లాయి. కాటన్ వాటితో వెళ్లి కందకాల పనుల్లో పాల్గొన్నాడు, కొయ్య కోటల మీద దాడిచేసిన దళాలకు ముందు నడిచాడు. ఆ యుద్ధంలో తుపాకి దెబ్బలకంటే జ్వరాలు, విరేచనాలు ఎక్కువమందిని బలిగొన్నాయి. కాటన్ ప్రాణాలతో తిరిగి వచ్చినా ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కుదుటపడలేదు. ఉద్యోగ జీవితమంతా మధ్య మధ్య దీర్ఘమైన సెలవులు తీసుకోవలసి వచ్చింది. 1848లో గోదావరి పని మధ్యలో ఉండగా కూడా దానిని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వైపు వెళ్లక తప్పలేదు, 1850లో తిరిగి వచ్చాడు. ఆయన విశ్వాసం మనిషి అల్పాయుష్షును, దైవ సంరక్షణను అంతగా పట్టించుకోవడానికి ఈ అనుభవం ఒక కారణమని భావించవచ్చు.

కంపెనీ, సైన్యం, మతం

ఆ కాలపు సైనికాధికారి తన విశ్వాసాన్ని బయట చూపించడం చిన్న విషయం కాదు. కంపెనీకి వ్యాపారం, పన్నులు ముఖ్యం, మతప్రచారం వల్ల సిపాయీల్లో అలజడి పుడుతుందని భయం. 1806 జూలై 10న వేలూరులో సిపాయీలు తిరగబడ్డారు. కొత్తరకం తలపాగా పెట్టాలి, నుదుటి బొట్టు తీసేయాలి, గడ్డాలు గీయించాలి అన్న ఆజ్ఞలు అందుకు వెంటనే కారణమయ్యాయి. తమను క్రైస్తవులను చేయబోతున్నారన్న అనుమానం వాటి వెనక ఉంది. ఆ తరవాత మిషనరీల మీద నిఘా ఇంకా బిగిసింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగులో సువార్తల అనువాదం మొదలుపెట్టిన కాలం కూడా ఇదే. 1813 చార్టర్ చట్టంతో మిషనరీల రాకకు దారి తెరుచుకుంది. ఆనక 1858లో విక్టోరియా రాణి ప్రకటన ప్రభుత్వం ప్రజల మతంలో తలదూర్చదని స్పష్టంగా చెప్పింది.

ఈ చట్రంలో సైనికుల క్రైస్తవ జీవితం ప్రధానంగా మూడు దారుల్లో నడిచింది. దండు ఉన్నచోటల్లా చాప్లిన్ గురువులు, దండు చర్చిలు ఉండేవి, 1813 నాటి సికిందరాబాదు సెయింట్ జాన్స్ చర్చి అలాంటిదే. ఇది అధికారిక మార్గం, ఎక్కువగా యూరోపియన్ సైనికులకే పరిమితం. కొందరు అధికారులు సొంత డబ్బుతో, సొంత పరిచయాలతో మిషన్లకు అండగా నిలిచారు. కాటన్ ఈ కోవలోనివాడు. ఇక కొద్దిమంది తామే సువార్త పనికి పూనుకున్నారు. హేగ్ వారిలో ముఖ్యుడు.

విశ్వాస స్వరూపం

కాటన్ పుట్టింది ఆంగ్లికన్ సంఘంలో. యువకుడిగా ఉన్నప్పుడే ఆనాటి ఇంగ్లండులో బలంగా వీచిన సువార్త ఉద్యమం ఆయనను కదిలించింది. బైబిలు దేవుని మాట, మనిషి వ్యక్తిగతంగా క్రీస్తును ఆశ్రయించాలి, ఆ విశ్వాసం పనిలో కనిపించాలి అన్నవి ఆ ఉద్యమపు మూల సూత్రాలు. రోజూ బైబిలు చదవడం, ఇంటిల్లిపాదీ కలిసి ప్రార్థన చేయడం ఆయన ఇంటి కట్టుబాటు. 1841లో పెళ్లాడిన ఎలిజబెత్ లెర్మంత్ టాస్మేనియాలో స్థిరపడిన కుటుంబపు ఆడపడుచు, ఆమె కూడా అదే విశ్వాసంలో పెరిగిన మనిషి. ఆ దంపతుల కూతురు ఎలిజబెత్ 1842లో పుట్టింది. పెద్దయ్యాక లేడీ హోప్ పేరుతో ఆమె బైబిలు బోధకురాలిగా, రచయిత్రిగా ప్రసిద్ధురాలైంది. 1900లో తండ్రి జీవిత చరిత్రను వెలువరించింది ఆమే.

సంఘ భేదాలను కాటన్ పెద్దగా పాటించలేదు. ఆంగ్లికన్‌గా ఉంటూనే బ్రదరన్ సహవాసపు మిషనరీలతో కడదాకా స్నేహం నెరపాడు. అరబ్బీ నేర్చుకునేవారి కోసం 1876లో ఒక చిన్న వాచకం రాసి అచ్చువేశాడు. వ్యాకరణంతో మొదలుపెట్టకుండా కొద్దిపాటి మాటలతో చిన్న చిన్న వాక్యాలు పలుకుతూ భాష పట్టుకోవాలన్నది అందులో ఆయన అనుసరించిన పద్ధతి. డెబ్భై దాటిన సైనికుడు ఇలాంటి పుస్తకానికి పూనుకోవడం ఆయన స్వభావాన్ని బాగా పట్టిస్తుంది. ఏ పనైనా ఎక్కడ తేలికగా మొదలుపెట్టవచ్చో ముందు చూసుకునేవాడు.

బాగ్దాదు ప్రయాణం, గోదావరి డెల్టా మిషన్

సెలవు మీద ఇంగ్లండు వెళ్లిన కాటన్ తిరుగు ప్రయాణంలో పడమటి ఆసియా మీదుగా నేలదారిన వచ్చాడు. 1833లో బాగ్దాదులో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌ను కలిశాడు. ఇంగ్లండులో దంతవైద్యం మానుకొని మిషనరీగా వెళ్లిన గ్రోవ్స్ అప్పటికి ప్లేగులో భార్యను పోగొట్టుకొని ఉన్నాడు. కాటన్‌తో కలిసి ఆయన హిందూదేశానికి బయలుదేరాడు. ఇక్కడి పరిస్థితి చూశాక ఇంగ్లండు వెళ్లి కొత్త పనివారిని కూడగట్టాడు. అలా 1836లో డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో మచిలీపట్నం వైపు వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. బౌడెన్ రాతిపని చేసే మేస్త్రీ. బీర్ చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువులు, పెద్ద సొసైటీల జీతాలు వారికి లేవు. గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపడిన సంస్థకు ఇదే మొదలు.

ఆనకట్ట పని సాగే రోజుల్లో వేలాది కూలీలు ధవళేశ్వరంలో గుమిగూడారు. వారి మధ్య పనిచేయడానికి బౌడెన్ అక్కడికి వచ్చాడు. రాతిపని తెలిసిన మిషనరీ రాతి ఆనకట్ట కూలీలకు వాక్యం చెప్పడం ఈ చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం.

ధవళేశ్వరం ఆనకట్ట

కావేరి డెల్టాలో 1828 నుంచి పనిచేసిన కాటన్ కొల్లిడం నది మీద 1836 నాటికి రెండు ఆనకట్టలు కట్టించాడు. చోళుల కాలపు కల్లణైని శ్రద్ధగా చదివాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఆ పూర్వ నిర్మాతల దగ్గరే నేర్చుకున్నామని తరవాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ తరం ఆంగ్ల ఇంజనీర్లలో ఈ నిజాయితీ అరుదు.

అప్పటి రాజమండ్రి జిల్లా దయనీయ స్థితిలో ఉంది. నందన నామ సంవత్సరపు కరువు (1832–33), 1839 నాటి కోరింగ ఉప్పెన, మధ్యలో వరదలు, జమీందారీ బకాయిలు కలిసి ప్రజలను కుంగదీశాయి. 1821లో 7,38,308గా నమోదైన జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. చనిపోయినవారు కొందరు, ఊళ్లు విడిచి పోయినవారు కొందరు. ఏటా ఎంతో నీరు సముద్రంలో కలుస్తున్న నది ఒడ్డునే ఇది జరిగింది. కారణాలు విచారించేందుకు వచ్చిన హెన్రీ మాంట్‌గొమెరీ 1844లో నివేదిక ఇస్తూ కాటన్ వంటి అనుభవజ్ఞుడిని పంపాలని సూచించాడు. అప్పటికి విశాఖపట్నంలో ఉండి సముద్రపు కోత నుంచి తీరాన్ని కాపాడే పనులు చూస్తున్న కాటన్ గోదావరికి వచ్చి నది పొడవునా తిరిగాడు. వరసగా నివేదికలు పంపాడు. 1846 చివర కంపెనీ డైరెక్టర్ల అనుమతి వచ్చింది, 1847లో పని మొదలై 1852లో ముగిసింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకు సుమారు 6 కిలోమీటర్లు. మధ్యలో లంకలున్నాయి. వాటిని ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీద నాలుగు భాగాలుగా కట్టారు. రాతికట్టు పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. ఇసుకలో బావులు దింపి వాటిమీద గోడ లేపి, నది దిగువ వైపున పెద్ద పెద్ద బండలను వదులుగా పరిచారు. వరద పొర్లిపడ్డప్పుడు ఆ బండలు కొంచెం కుంగి ఇసుకను పట్టుకుంటాయేగాని కొట్టుకుపోవు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. పని ముమ్మరంగా ఉన్నప్పుడు పదివేల మంది కూలీలు, ఐదేసి వందల మంది వడ్రంగులు, కమ్మరులు అక్కడ ఉన్నారు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన స్థానికుడు వీణెం వీరన్న. కాలువల విస్తరణలో వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ కట్టించాడు. దాని పక్కన వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

కరువు, క్రైస్తవ ప్రభుత్వం: కాటన్ వాదన

కాటన్ విశ్వాసం ప్రార్థన గదిలో ఆగిపోలేదనడానికి ఆయన రాసిన పుస్తకాలు, ఇచ్చిన సాక్ష్యాలు ఆధారం. భారతదేశపు ప్రజాపనుల మీద 1854లో వచ్చిన ఆయన పుస్తకం ఇందులో మొదటిది. వాదన క్లుప్తంగా ఇది: దేవుడు ఈ దేశానికి సారవంతమైన నేల, పుష్కలమైన వాన, పెద్ద నదులు ఇచ్చాడు. తామే క్రైస్తవులమని చెప్పుకొనే పాలకులు ఆ నీటిని పొలానికి మళ్లించకుండా, జనం ఆకలితో చస్తుంటే చూస్తూ ఊరుకుంటే అది పాపం, ప్రభుత్వానికి సిగ్గుచేటు. కరువును దైవ నిర్ణయమని తోసేయడాన్ని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇది మత బోధనగా మాత్రమే ఆగలేదు, లెక్కలతో కూడిన రాజకీయ వాదమైంది. రైల్వేల మీద కుమ్మరిస్తున్న డబ్బులో కొంత కాలువల మీద పెడితే పంటా పండుతుంది, సరుకూ చవగ్గా పడవల మీద సాగుతుంది అన్నాడు. ఇంగ్లండులో రైల్వే వాటాలు ఉన్నవారికి ఇది రుచించలేదు. 1876–78 మహాకరువు (ధాత కరువు) లక్షలమందిని మింగాక 1878లో పార్లమెంటు సంఘం నీటిపారుదల మీద విచారణ జరిపింది. డెబ్భై ఐదేళ్ల కాటన్ అక్కడ కూర్చొని ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. సంఘం ఆయన వైపు మొగ్గలేదు. కరువు నివారణపై విలియం డిగ్బీ రాసిన అధ్యాయాలను లేడీ హోప్ తండ్రి చరిత్రలో చేర్చడానికి ఈ పోరాటమే కారణం. ఆ పుస్తకం సగం జీవిత చరిత్ర, సగం కరువు మీద అభియోగ పత్రం.

ఆయన సలహాలన్నీ ఫలించలేదు. తుంగభద్ర నీటితో కర్నూలు–కడప కాలువ తవ్వడానికి ముందుకొచ్చిన కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం దానిని కొనుక్కోవలసి వచ్చింది.

ఎఫ్.టి. హేగ్, కోయ మిషన్

ఆనకట్ట తరవాత కాటన్ చూపు నది ఎగువకు మళ్లింది. ధవళేశ్వరం నుంచి వార్ధా దాకా పడవలు నడిపితే మధ్య పరగణాల పత్తి కాకినాడ రేవుకు చేరుతుందని ఆయన ఆలోచన. ఈ దారి సాధ్యాసాధ్యాల మీద 1856లో నివేదిక రాసింది ఎఫ్.టి. హేగ్. నదిలో మూడుచోట్ల రాతి మెట్టలు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, పక్క కాలువ, లాకులు కట్టే పని హేగ్ మీద పడింది. దట్టమైన అడవి, మలేరియా, కలరా, కూలీల కొరత ఆ పనిని వెంటాడాయి. రైలు మార్గాలు విస్తరించడంతో 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచింది.

పథకం పోయినా దాని వెంట పుట్టిన మరో పని మిగిలింది. దుమ్ముగూడెంలో ఉండగా చుట్టుపక్కల కోయలతో హేగ్‌కు పరిచయం పెరిగింది. ఆయన ప్రోద్బలంతో 1860లో చర్చ్ మిషనరీ సొసైటీ ఆధ్వర్యాన కోయ మిషన్ మొదలైంది. తొలి పనివాడు తెలుగువాడే. నిర్మాణ శాఖలో కూలీల సరఫరాలు చూసే ఉద్యోగి ఐ. వెంకటరామరాజు, క్షత్రియ కులస్థుడు, హేగ్ సాంగత్యంలో క్రైస్తవుడై, మంచి జీతం వదులుకొని కోయల మధ్య బోధకుడయ్యాడు. తరవాత వచ్చిన జాన్ కెయిన్ చాలా ఏళ్లు అక్కడే ఉండి కోయ భాషలోకి సువార్త భాగాలు తెచ్చాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ యాంటిక్వెరీ'లో ఆయన రాసిన వ్యాసాలు కోయల ఆచారాలు, భాషపై తొలినాటి వివరమైన ఆధారాలు.

హేగ్ మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాక అరేబియా వైపు దృష్టి పెట్టాడు. ఆ దేశంలో సువార్త పని ఆవశ్యకతపై 1885 ప్రాంతంలో ఆయన చేసిన విజ్ఞప్తి కేంబ్రిడ్జి అరబ్బీ పండితుడు అయాన్ కీత్-ఫాల్కనర్‌ను ఏడెన్ వైపు నడిపించింది. 1886–87లో హేగ్ స్వయంగా ఎర్రసముద్ర తీరాలు, యెమెన్, మస్కటు తిరిగి చూశాడు. కీత్-ఫాల్కనర్ 1887 మేలో ఏడెన్ దగ్గర జ్వరంతో చనిపోయాడు. కాటన్ అరబ్బీ వాచకం, హేగ్ అరేబియా పర్యటన పక్కపక్కన పెట్టి చూస్తే గోదావరి ఇంజనీర్ల మధ్య విశ్వాసపరమైన ఆలోచనలు ఎంత దగ్గరగా నడిచాయో తెలుస్తుంది.

విశ్రాంత జీవితం

1860లో కాటన్ ఇంగ్లండు వెళ్లాడు. 1861లో సర్ బిరుదు, 1866లో కె.సి.ఎస్.ఐ. వచ్చాయి. సైన్యంలో హోదా పెరుగుతూ 1876లో జనరల్ అయ్యాడు, మరుసటి ఏడు విరమణ జాబితాలో చేరాడు. సర్రీ ప్రాంతంలో డార్కింగ్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డాడు.

అక్కడి ముప్పై ఏళ్లూ ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఇంటి తోటలో లోతు దుక్కితో గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. కూతురు మద్యపానానికి వ్యతిరేకంగా కూలీల కోసం 1870లలో పట్టణంలో కాఫీ గది తెరిచింది. సారాయి దుకాణానికి బదులు వెచ్చగా కూర్చుని కాఫీ తాగుతూ పత్రిక చదువుకునే చోటు, పక్కనే బైబిలు తరగతి. తండ్రి ఆ పనికి వెన్నుదన్నుగా నిలిచాడు. దండులో సిపాయీల తాగుడు ఎంత నాశనం చేస్తుందో బర్మాలో, మద్రాసులో చూసిన మనిషికి ఈ ఉద్యమం దగ్గరిదే. 1899 జూలై 24న తొంభై ఆరేళ్ల వయసులో మరణించాడు, డార్కింగ్ శ్మశానంలో ఖననం చేశారు.

జి.మాడుగుల, మత్స్యగెడ్డ

ధవళేశ్వరం చేరే నీటిలో కొంత జి.మాడుగుల వైపు కొండల నుంచి వస్తుంది. గంగరాజు మాడుగులకే జి.మాడుగుల అని వాడుక. హల్వాకు పేరుపడిన మాడుగుల వేరు, అది కొండ దిగువన, నేటి అనకాపల్లి జిల్లాలో ఉంది. జి.మాడుగుల కొండపైన, పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో మండల కేంద్రం. భగత, కొండదొర, కోదు, వాల్మీకి, కోటియ తదితర ఆదివాసీ సముదాయాలు ఇక్కడ నివసిస్తాయి. 1839 చట్టంతో విశాఖ, గంజాం కొండలను కలెక్టర్ చేతిలో 'ఏజెన్సీ'గా పెట్టినప్పటి నుంచీ ఈ ప్రాంతానికి పాలన వేరు, మైదానానికి వేరు. నేడిది అయిదో షెడ్యూలు ప్రాంతం.

కాటన్ చరిత్రకు ఈ కొండలతో సంబంధం నీటి ద్వారా. మాడుగుల కొండల్లో పుట్టే మత్స్యగెడ్డ ఉత్తరంగా ప్రవహించి మాచ్‌ఖండ్‌గా మారుతుంది. జోలాపుట్ జలాశయం, డుడుమ జలపాతం దాటి సీలేరు పేరుతో దక్షిణానికి తిరుగుతుంది. శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరికి చేరుతుంది. పాపికొండల నడుమ నుంచి ధవళేశ్వరం వచ్చే నీటిలో ఈ కొండల వాన నీరు కూడా ఉంది. ఎండాకాలంలో ఎగువ గోదావరి చిక్కిపోయినప్పుడు సీలేరు విద్యుత్ కేంద్రాలు వదిలే నీరే రబీ పంటకు ఆసరా అని డెల్టా రైతులందరికీ తెలుసు.

మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. జలాశయాల కింద కొండ గ్రామాలు, పొలాలు మునిగాయి. డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందుతుండగా, ఆ నీటి పుట్టింటిలో సాగు నేటికీ ఎక్కువగా వాన మీద, గెడ్డల మీద, మెట్ల మడుల మీద ఆధారపడి ఉంది. కొండమీద పండే పంటల్లో వలిసెలు, రాజ్మా, పసుపు, కాఫీ, మిరియాలు ముఖ్యం. కాటన్ తన కాలంలో మైదానం గురించి అడిగిన ప్రశ్న, నీరున్న నేలమీద మనిషికి ఆకలి ఎందుకని, కొండ గురించి అడగవలసే ఉంది.

అంచనాలు, భేదాభిప్రాయాలు

గోదావరి ప్రజల దృష్టిలో కాటన్ దాత. పుష్కర, నదీస్నాన సంకల్పాల్లో ఆయనను భగీరథుడిగా స్మరించే సంస్కృత శ్లోకం ఒకటి పురోహితుల నోట ఉంది. క్రైస్తవ సైనికుడి పేరు బ్రాహ్మణ సంకల్పంలో చేరడం అరుదైన గౌరవం, అది మత ప్రచారంతో వచ్చింది కాదు, నీటితో వచ్చింది.

చరిత్రకారులు మరోవైపు కూడా చూపుతారు. ఆనకట్ట కంపెనీకి శిస్తు పెంచే పెట్టుబడి. కాటన్ తానే తన నివేదికల్లో లాభాల లెక్కలు కట్టి డైరెక్టర్లను ఒప్పించాడు. నీటితో డెల్టాలో భూమి ఉన్నవారు బలపడ్డారు, కూలీల స్థితి అంత వేగంగా మారలేదు. డెల్టా వెలిగిన కాలంలోనే, పక్క కొండల్లో ముఠాదారుల వసూళ్లు, కల్లు పన్ను, అటవీ నిబంధనలు భరించలేక 1879లో రంప తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచడానికి మద్రాసు సైన్యం నుంచే పటాలాలు వచ్చాయి. కాటన్ సేవచేసిన సైన్యానికి ఇది కూడా చరిత్రే.

కోయ మిషన్‌పైనా రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బడి, మందు, కోయ భాషకు అక్షర రూపం అందులో మేలు. కోయల సొంత దేవతారాధనను, పండుగలను మిషనరీలు మూఢత్వంగా చూశారన్నది విమర్శ. రెండూ నిజాలే. హేగ్, వెంకటరామరాజు అడవి జ్వరాలకు జంకకుండా కోయల మధ్య నిలిచారన్నదీ నిజమే. కాటన్ విషయంలో ఈ వ్యాసపు నిర్ణయం ఒకటి: ఆయన లాభాల లెక్క పాలకుల చెవికెక్కే భాష, ఆకలిని పాపంగా చూడడం ఆయన మాతృభాష. డెబ్భై ఐదేళ్ల వయసులో, ఓడిపోతానని తెలిసిన వాదాన్ని పార్లమెంటు ముందు వినిపించడానికి లాభం కారణం కాదు.

స్మృతి

పాత ఆనకట్టకు ఎగువన 1970 తరవాత కట్టిన బ్యారేజీకి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేరుతో ప్రదర్శనశాల ఉంది. ఆనాటి పనిముట్లు, యంత్రాలు, పటాలు అక్కడ చూడవచ్చు. 1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద నిలిపిన తెలుగు వెలుగుల విగ్రహాల్లో కాటన్ విగ్రహం ఒకటి. కోనసీమ కాలువ గట్ల మీద ఊరూరా విగ్రహాలున్నాయి. ఎందరో రైతుల ఇళ్లలో దేవుడి పటాల వరసలోనే గుర్రం మీది కాటన్ బొమ్మ కనిపిస్తుంది.

మత్స్యగెడ్డ పుట్టే మాడుగుల కొండల మీద ఆయన పేరుతో గుర్తేమీ లేకపోయినా, అక్కడ కురిసిన వాన ఇప్పటికీ సీలేరు, శబరి మీదుగా ఆయన కట్టిన చోటికే చేరుతోంది.